కార్ట్‌లో కుక్కర్, చీర, నెయ్యి: దేన్ని ఎలా పోల్చాలి?

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్‌లో ఆన్‌లైన్ కొనుగోళ్ల గురించి మాట్లాడుకుందాం. ఏళ్ల తరబడి వినియోగదారుల ఫిర్యాదులు చూస్తున్న సలహాదారు మన స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ తెనాలి నుంచి. చెప్పండమ్మా.

తెనాలి శ్రోత: నమస్కారమండీ. మా అమ్మాయి బెంగళూరులో కొత్తగా కాపురం పెడుతోంది. ఇక్కడి నుంచి సామాను మోసుకెళ్లడం ఎందుకని, ఆన్‌లైన్‌లో కొని నేరుగా అక్కడికే పంపిద్దామనుకున్నాం. పది రోజులుగా చూస్తుంటే కార్ట్‌లో 14 వస్తువులు చేరాయి. కుక్కర్లే మూడు! అన్నిటికీ నాలుగు స్టార్ల పైనే ఉన్నాయి. తక్కువ రేటుది తీసుకుందామంటే భయం, ఎక్కువ రేటుది తీసుకుందామంటే మనసొప్పడం లేదు. ఒకటే టెన్షన్.

సలహాదారు: ముందు ఆ 14 వస్తువులూ ఒక్కసారిగా చూడకండమ్మా. కాగితం తీసుకుని విడదీసి రాయండి. పొయ్యి మీదకెక్కేవి ఒకచోట, కరెంటుతో నడిచేవి ఒకచోట. కట్టుకునేవి, తినేవి విడివిడిగా. స్టార్లు, రేటు అన్నిటికీ ఒకే తీరుగా కనిపిస్తాయి. కానీ కుక్కర్‌లో చూడాల్సింది చీరలో ఉండదు కదా. కుక్కర్ దగ్గర నేను రేటు జోలికే పోను. ఫొటో పెద్దది చేసి ఐఎస్ఐ గుర్తు చూస్తాను. గుర్తు పైన ఐఎస్ 2347 అని కుక్కర్ల ప్రమాణం నంబర్ ఉండాలి, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబర్ ఉండాలి. ఆ నంబర్‌ని, ఈ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే అది ఏ కంపెనీదో, ఏ వస్తువుకు ఇచ్చారో తెలుస్తుంది.

వ్యాఖ్యాత: గుర్తు లేనివి కూడా అమ్ముతారా?

సలహాదారు: అమ్మారండీ. ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్‌కు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అయినా గుర్తు లేనివి అమ్మనిచ్చారని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పెద్ద పెద్ద ఆన్‌లైన్ సంస్థలకే లక్ష రూపాయల చొప్పున జరిమానా వేసింది. పెద్ద యాప్‌లో ఉంది కాబట్టి మంచిదే అయ్యుంటుందని అనుకోవద్దు. ఆవిరి బలం మీద పనిచేసే వస్తువు అది, పక్కనే మన పిల్ల నిలబడి ఉంటుంది. అమ్మా, మీరు ఫోన్ పెట్టేసి ఆ మూడింటి ఫొటోలూ చూసి రండి. ఈలోగా ఇంకొకరితో మాట్లాడతాం.

తెనాలి శ్రోత: అలాగేనండీ. ఒక్క మాట, ఫ్రిజ్ కూడా ఉంది.

సలహాదారు: ఫ్రిజ్‌కి లీటర్లు ఒకేలా ఉన్నవాటినే పక్కపక్కన పెట్టండి. లేబుల్ మీద నక్షత్రాల కన్నా, ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో వేసిన అంకె చూడండి. నక్షత్రాలకు లెక్క అప్పుడప్పుడూ మారుస్తుంటారు, అందుకే లేబుల్ ఏ కాలానిదో కూడా చూడాలి. ఒకటి 180 యూనిట్లు, ఇంకోటి 250 అనుకోండి. యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 490 తేడా. 3,000 ఎక్కువ పెట్టి కొన్నా ఆరేడేళ్లలో వచ్చేస్తుంది.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ కరీంనగర్ నుంచి.

కరీంనగర్ శ్రోత: నమస్తే మేడమ్. మా అమ్మకు పోచంపల్లి పట్టుచీర కొందామని చూస్తున్నా. 1,200కీ ఉంది, 9,000కీ ఉంది. ఫొటోల్లో రెండూ ఒక్కతీరే కనిపిస్తున్నాయి. తేడా ఏంది మేడమ్?

సలహాదారు: ముందు పేరు మొత్తం చదువు బాబూ. పోచంపల్లి ప్రింట్, పోచంపల్లి డిజైన్ అని రాస్తే అది చాలావరకు బట్ట మీద అచ్చేసిన బొమ్మే. ఆర్ట్ సిల్క్ అని ఉంటే అది కళ కాదు, ఆర్టిఫిషియల్, అంటే కృత్రిమం అనే మాటకు పొట్టి రూపం. ఈ మాట నాకు డబ్బు పోగొట్టుకున్నాకే తెలిసింది. మా నాన్నగారి షష్టిపూర్తికి అమ్మకని ఒక చీర తెప్పించాను. ఫొటోలో తళతళలాడింది. ఇస్త్రీ పెట్టె తగలగానే అంచు దగ్గర రూపాయి బిళ్లంత మేర ముడుచుకుపోయింది. అమ్మ ఏమీ అనలేదు. ఆ మడత లోపలికి పోయేలా కట్టుకుని పీటల మీద కూర్చుంది. నాకది ఇప్పటికీ బాధే.

కరీంనగర్ శ్రోత: మరి అసలుది ఎట్ల గుర్తుపట్టాలి?

సలహాదారు: అమ్మేవాళ్లకు మెసేజ్ పెట్టి చీర తిరగేసిన ఫొటో అడుగు. పోచంపల్లిది ఇక్కత్ నేత. అందులో నేయకముందే పోగులకు ముడులు కట్టి రంగు అద్దుతారు. అందుకే ముందూ వెనకా రంగు ఒక్కలాగే ఉంటుంది. ప్రింట్‌కి వెనక వైపు వెలిసినట్టుంటుంది. ఇంకో సంగతి, నేసిన బొమ్మ అంచులు గీత గీసినట్టు ఉండవు, సన్నగా చెదిరినట్టుంటాయి. అది లోపం అనుకోకు, చేత్తో కట్టిన ముడికి గుర్తు అదే. పట్టుకి సిల్క్ మార్క్ ట్యాగ్ ఉందా, చేనేతకి హ్యాండ్‌లూమ్ మార్క్ ఉందా అడుగు. చీర వచ్చాక కొంగు కుచ్చులో ఒక్క పోగు లాగి, జాగ్రత్తగా వెలిగించి చూడు. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. తిప్పి పంపే గడువు దాటకముందే ఈ పని చెయ్యి.

కరీంనగర్ శ్రోత: అంటే 1,200ది వద్దంటారా?

సలహాదారు: ప్రింట్ అని తెలిసి, రోజూ కట్టుకోవడానికి కొంటే తప్పేం లేదు. పట్టుచీర అని చెప్పి అమ్మకు ఇవ్వకు, అంతే.

వ్యాఖ్యాత: కర్నూలు నుంచి చిన్న ప్రశ్న. నెయ్యి లీటరు 600, ఇంకో కంపెనీది కిలో 640. ఏది చౌక?

సలహాదారు: కిలోదే. లీటరు నెయ్యి తూకానికి దాదాపు 910 గ్రాములే వస్తుంది. ఆ లెక్కన 600 పెట్టిన లీటరు కిలోకి 660 దాకా పడుతుంది. వంటనూనెకీ ఇంతే, తూకం చూడండి.

వ్యాఖ్యాత: వస్తువు తేడాగా వచ్చి, వాళ్లు పట్టించుకోకపోతే?

సలహాదారు: ఆన్‌లైన్ సంస్థలకు 2020 నుంచి నిబంధనలున్నాయి. ఫిర్యాదుల అధికారి పేరు సైట్‌లో ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. పార్సిల్ విప్పేటప్పుడు అడ్రస్ చీటీ కనిపించేలా వీడియో తీసి ఉంచుకుంటే మీ మాటకు బలం ఉంటుంది.

వ్యాఖ్యాత: తెనాలి అమ్మగారు మళ్లీ లైన్‌లోకి వచ్చారు.

తెనాలి శ్రోత: చూశానండీ. అన్నిటికన్నా తక్కువ రేటుదానికి ఎన్ని ఫొటోలు తిప్పినా గుర్తు కనపడలేదు.

సలహాదారు: తీసేయండి. మిగతా రెండూ?

తెనాలి శ్రోత: రెండింటికీ నంబర్ ఉంది, యాప్‌లో కంపెనీ పేరు కూడా సరిపోయింది. ఒకటి రెండు లీటర్లు, ఇంకోటి మూడు. ఉండేది ఇద్దరేగా, రెండు చాలదూ?

సలహాదారు: రాసిన లీటర్లన్నీ వండుకోలేమమ్మా. పప్పు పొంగుతుంది కాబట్టి నీళ్లతో కలిపి సగానికి మించి పోయకూడదు. రెండు లీటర్లదాంట్లో పప్పు, నీళ్లు కలిపి లీటరే. రేపు మీరు చూడ్డానికి వెళ్తే నలుగురవుతారు.

తెనాలి శ్రోత: అయితే మూడు లీటర్లదే పెడతాను. ఉండండి, అడ్రస్ అమ్మాయిదే ఉందో లేదో చూసుకుంటాను.