ముందు సంచి, తర్వాతే హీరో: డైస్ మాస్టర్స్‌లో జట్టు కట్టే తీరు

అక్క: అందరికీ నమస్కారం. హనుమకొండలో మా ఇంటి మేడ గది నుంచి మాట్లాడుతున్నాం. ఇవాళ కార్డులూ పాచికలూ కలిపి ఆడే డైస్ మాస్టర్స్ గురించి. పక్కన మా తమ్ముడు ఉన్నాడు. ఆట వాడిది, లెక్కలు నావి. మధ్యలో గలగలమని వినిపిస్తే అది వాడి చేతిలోని పాచికల సంచి.

తమ్ముడు: కొత్తవాడలో నేసిన జంపఖానా పరిచాను అక్కా. గచ్చు మీద వేస్తే పాచికలు దొర్లి మంచం కిందికి పోతాయి. దీని నేత మందం కాబట్టి పడ్డచోటే ఆగుతాయి.

అక్క: ఆట తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు మాటలు చెప్పు.

తమ్ముడు: 2014లో విజ్‌కిడ్స్ సంస్థ తెచ్చింది. మైక్ ఇలియట్, ఎరిక్ లాంగ్ రూపొందించారు. 2011లో వాళ్లిద్దరే చేసిన క్వారియర్స్ దీనికి మూలం. మొదటి సెట్టు మార్వెల్ వీరులది, అవెంజర్స్‌కూ ఎక్స్-మెన్‌కూ పోరు. పూర్తి స్థాయి ఆటలో జట్టుకు ఎనిమిది కార్డులు, వాటి మధ్య పంచుకోవడానికి 20 పాచికలు, 20 ప్రాణాలు. కానీ మొదట్లో సంచిలో ఉండేవి ఎనిమిది సైడ్‌కిక్ పాచికలే, అంటే వీరుల పక్కనుండే సహాయకులవి. వంతుకు నాలుగు తీసి వేస్తాం. నచ్చనివాటిని ఒక్కసారి మళ్లీ వేయవచ్చు. పడ్డ ముఖాలు ఇచ్చే శక్తే ఈ ఆటలో డబ్బు, దానితో జట్టులోని పాచికలు కొంటాం. కొన్నవీ, ఖర్చు చేసినవీ వాడిన కుప్పలోకి చేరతాయి. సంచి ఖాళీ అయ్యాకే ఆ కుప్ప తిరిగి సంచిలో పడుతుంది.

అక్క: అంటే కొన్న పాచిక వెంటనే చేతికి రాదు. ఈ ఆటలో నాకు బాగా నచ్చింది ఇదే. అష్టాచెమ్మాలో గవ్వలు నాలుగే, ఎవరు వేసినా అవే గవ్వలు. ఇక్కడ సంచిలో ఏమి ఉండాలో మనమే నిర్ణయించుకుంటాం.

తమ్ముడు: ఆ నిర్ణయం దగ్గరే చాలామంది తడబడతారు. జట్టు కట్టమంటే ఎనిమిది మంది మొనగాళ్లను పోగేస్తారు. ఆరు ధర వీరుడు, ఏడు ధర వీరుడు. ఇదిగో, ఈ సైడ్‌కిక్ పాచిక చూడు. పిడికిలి, మెరుపు, మాస్క్, డాలు, ఒక ముఖం మీద ప్రశ్నార్థకం, ఆరో ముఖం మీద సైడ్‌కిక్ బొమ్మ. ఏ శక్తి ముఖం పడినా వచ్చేది ఒక్క శక్తే. నాలుగు పాచికలకు నాలుగు. మొదటి వంతులో నాలుగుకు మించి ఎవరూ ఖర్చు చేయలేరు, రెండో వంతులోనూ అంతే. మరి ఆరు ధర వీరుణ్ని ఎప్పుడు కొంటారు?

అక్క: అందుకే మొదటి రెండు వంతుల్లో ఏం కొంటామో తేలకముందు మిగతా జట్టు గురించి ఆలోచించడం దండగ అంటాను. లెక్క చెబుతాను, వినండి. రెండు వంతుల్లో రెండు పాచికలు కొన్నాం అనుకుందాం. ఎనిమిది సైడ్‌కిక్‌లు మొదటి రెండు వంతుల్లోనే అయిపోతాయి. మూడో వంతుకు కుప్పంతా సంచిలోకి వస్తే మొత్తం పది. అందులోంచి నాలుగు తీస్తాం. మనం కొన్న ఒక ఫలానా పాచిక చేతికి వచ్చే అవకాశం 40 శాతం.

తమ్ముడు: వచ్చినా వీరుడి బొమ్మ పడాలిగా.

అక్క: వీరుడి పాచికకు మూడు ముఖాలు శక్తివి, మూడు ముఖాలు వీరుడివి. మళ్లీ వేసే అవకాశంతో కలిపితే వీరుడు పడేది 75 శాతం. 40లో 75 శాతం అంటే 30. ఎంతో ఆశపడి కొన్న వీరుడు మూడో వంతులో బరిలోకి దిగే అవకాశం మూడింట ఒకటి కూడా లేదు. అదే ఒకే కార్డు పాచికలు రెండు కొంటే, వాటిలో కనీసం ఒకటి చేతికి వచ్చే అవకాశం 67 శాతానికి పెరుగుతుంది. అందుకే చవక కార్డుకు రెండు, మూడు పాచికలు కేటాయించడం నాకు ఇష్టం. ఎనిమిది కార్డులకూ 20 పాచికలను సమానంగా పంచేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

తమ్ముడు: సంచిని చిన్నది చేసుకునే దారీ ఉంది. సైడ్‌కిక్ బొమ్మ పడితే కొత్తవాళ్లు మొహం ముడుచుకుని మళ్లీ వేస్తారు. దాన్ని పైసా ఖర్చు లేకుండా బరిలోకి దింపవచ్చు. బరిలో ఉన్నంత సేపూ అది సంచిలో ఉండదు. రెండు సైడ్‌కిక్‌లు బరిలో ఉంటే మూడో వంతులో పదికి బదులు ఎనిమిదే, 40 శాతం కాస్తా 50 అవుతుంది. పైగా వచ్చే దెబ్బకు అడ్డంగా నిలబెట్టడానికి ఇద్దరు మనుషులు.

అక్క: కానీ ఆ వంతులో రెండు శక్తులు పోగొట్టుకుంటాం.

తమ్ముడు: పోతాయి. చేతిలో మూడు శక్తులు ఉండి, కొనాలనుకున్నదాని ధర మూడే అయితే నాలుగోదాన్ని బరిలోకి దింపడం మేలు. కొనుగోలు చెడగొట్టుకుని మాత్రం దింపను. ఇక నేను ఎక్కువగా మాట్లాడాలనుకున్నది గ్లోబల్ గురించి. కొన్ని కార్డుల అడుగున గ్లోబల్ అని ఒక ప్రత్యేక సామర్థ్యం రాసి ఉంటుంది. ఆ పాచిక కొనకపోయినా కార్డు బల్ల మీద ఉంటే చాలు, శక్తి చెల్లించి వాడుకోవచ్చు. అన్‌క్యానీ ఎక్స్-మెన్ సెట్టులోని ప్రొఫెసర్ ఎక్స్ ఇందుకే పేరు పొందాడు. ఒక మాస్క్ చెల్లిస్తే వాడిన కుప్పలోంచి రెండు సైడ్‌కిక్‌ల దాకా ప్రెప్ ఏరియాలోకి మార్చుకోవచ్చు. అక్కడున్న పాచికలు తర్వాతి వంతులో మామూలుగా తీసే నాలుగుకు అదనం.

అక్క: అంటే రెండో వంతులో ఒక మాస్క్ ఇస్తే మూడో వంతులో ఆరు పాచికలు.

తమ్ముడు: ఆరు శక్తులు రావచ్చు. ఇందాకటి ఆరు ధర వీరుడు ఇప్పుడు అందుతాడు. ఇంకో లాభం చాలామందికి తట్టదు. ఆ రెండు సైడ్‌కిక్‌లు ప్రెప్‌లో ఉన్నాయి కాబట్టి సంచిలో లేవు. సంచిలో ఎనిమిదే. మళ్లీ అదే 50 శాతం, బరిలోకి ఎవరినీ దింపకుండానే.

అక్క: మాస్క్ పడకపోతే అని అడుగుతారేమో. ప్రశ్నార్థకం ఏ శక్తిగానైనా చెల్లుతుంది, కాబట్టి ఒక పాచికకు ఆరింటిలో రెండు ముఖాలు పనికొస్తాయి. మాస్క్ రాని ప్రతి పాచికనూ మళ్లీ వేస్తే, నాలుగింటిలో ఒక్కదాని మీదైనా మాస్క్ దొరికే అవకాశం 96 శాతం. దాని మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

తమ్ముడు: ఒక్క జాగ్రత్త. గ్లోబల్ ఇద్దరిదీ. మన కార్డు మీద ఉన్నదాన్ని ఎదుటివాడూ వాడుకుంటాడు. మన జట్టులో మాస్క్ శక్తి ఇచ్చే పాచికలు తక్కువ, వాడి జట్టులో ఎక్కువ అనుకో, ప్రొఫెసర్‌ను తీసుకెళ్లి వాడికి కానుక ఇచ్చినట్టే. గ్లోబల్ కోసమే పెట్టిన కార్డుకు ఒక్క పాచిక చాలు, మిగిలినవి చవక కార్డులకు ఇవ్వండి. బేసిక్ యాక్షన్లూ, అంటే వీరులవి కాని చర్యల కార్డులూ అంతే. ఒక్కొక్కరు రెండేసి తెస్తారు, నాలుగింటినీ ఇద్దరూ కొనవచ్చు. మనకంటే ఎదుటివాడికి ఎక్కువ పనికొచ్చేది తేవద్దు.

అక్క: దాడి గురించి?

తమ్ముడు: అడ్డు లేకుండా తగిలిన వీరుడు దెబ్బ కొట్టి వాడిన కుప్పలోకి పోతాడు. పోరులో పడిపోయినవాడు ప్రెప్‌లోకి పోతాడు, తర్వాతి వంతులోనే మళ్లీ పాచికగా చేతికి వస్తాడు. అందుకే చవక వీరుణ్ని ముందుకు తోసి, ఎదుటివాడు అడ్డుపడితే నేను సంతోషిస్తాను. ఖరీదైనవాడిని మాత్రం చివరి దెబ్బ తగిలే దాకా కదపను.

అక్క: కరీంనగర్ నుంచి ఒకరు అడిగారు. మొదటి సెట్టు స్టార్టర్ పెట్టె ఒక్కటే ఉంది, విడి ప్యాకెట్లు కొనాలా అని.

తమ్ముడు: ఇప్పుడే వద్దండి. ప్యాకెట్‌లో రెండు కార్డులు, రెండు పాచికలు ఉంటాయి. ఆట వచ్చిన కొత్తలో అమెరికాలో దాని ధర 99 సెంట్లు. లోపల ఎవరు ఉంటారో విప్పే దాకా తెలియదు. మీ పెట్టెలో 44 పాచికలు ఉన్నాయి: 16 సైడ్‌కిక్‌లు, 12 యాక్షన్లు, ఎనిమిది మంది వీరులకు రెండేసి. ఇద్దరు పంచుకుంటే తలా నలుగురు వీరులు, ఎనిమిది పాచికలు. పది ప్రాణాలతో ఆడే చిన్న ఆటకు ఇవి సరిగ్గా సరిపోతాయి.

అక్క: ఆ చిన్న ఆటలో ఆరు ధర వీరుడి గతేమిటి?

తమ్ముడు: కొనేలోపే ఆట ముగిసిపోవచ్చు. రెండు, మూడు ధరల వాళ్లతో ఆడి చూడండి, సంచి ఎలా తిరుగుతుందో చేతికి తెలుస్తుంది. ఆ తర్వాత ఆరు కార్డులు, 15 పాచికలు, 15 ప్రాణాల ఆటకు వెళ్లండి. ప్యాకెట్ల అవసరం అప్పుడు వస్తుంది.

అక్క: మీ జట్లు మాకు పంపండి. కార్డుల పేర్ల కింద, మొదటి వంతులో ఏం కొంటారో, రెండో వంతులో ఏం కొంటారో కూడా రాయండి. వచ్చే భాగంలో వాటిలో కొన్నింటిని ఈ జంపఖానా మీదే ఆడి చూస్తాం.