నులక మంచం రివ్యూ: మూడు నెలలు పడుకున్నాక చెబుతున్నా

నమస్తే అండీ. ఇవాళ రివ్యూ ఫోన్‌కి కాదు, మంచానికి. వేప కర్రతో మా ఊరి వడ్రంగి తాత చేసిన నులక మంచం. కర్ర, కూలీ, నులక అన్నీ కలిపి ఆరున్నర వేలు.

కెమెరా మూల దగ్గరికి తెస్తున్నా, చూడండి. ఒక్క మేకు కనపడిందా? కోడుకి, అంటే మంచం కాలికి, రెండు పక్కలా ఉలితో బెజ్జాలు తొలిచి, పట్టె, అంటే చట్రం కర్ర, కొసని సన్నగా చెక్కి అందులో దిగ్గొట్టారు. అంతే. మరి ఊడిపోదా? కిటుకంతా నులకలో ఉంది. అల్లేటప్పుడు ఎంత బిగించి లాగితే, పట్టెలు అంతగా లోపలికి గుంజుకుని కోళ్ళని అదిమి పట్టుకుంటాయి. మనం ఎక్కి పడుకుంటే ఆ పట్టు ఇంకా పెరుగుతుంది. కాకపోతే పట్టెలు బాగా ఎండిన కర్రవి కావాలి. పచ్చివైతే తర్వాత కొస సన్నబడి బెజ్జంలో లొడలొడలాడుతుంది. నేను తొందరపెట్టినా తాత మాత్రం కర్ర ఎండేదాకా ఉలి ముట్టలేదు.

14వ శతాబ్దంలో మన దేశం వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఇలాంటి మంచం గురించి రాశాడు. నాలుగు కాళ్ళు, నాలుగు కర్రలు, నూలో పట్టో అల్లిక, ఒక్క మనిషే మోసుకుపోవచ్చు అని. నిజమే, మా అమ్మ పొద్దున్నే ఒక్కతే ఎత్తి గోడకి నిలబెట్టేస్తుంది. మీ డబుల్ కాట్‌ని అలా నిలబెట్టండి చూద్దాం!

రేటు ఎక్కువంటారా? 2017లో ఆస్ట్రేలియాలో ఒకాయన ఇలాంటిదే చేసి 990 డాలర్లని ప్రకటన ఇచ్చాడు. మా తాతల కాలంలో అయితే డబ్బు మాటే లేదు, కళ్ళంలో వడ్రంగికి మేర, అంటే పంటలో వాటా, కొలిచేవారు.

ఇక లోపాలు. దుప్పటి లేకపోతే వీపంతా నులక అచ్చులే. మూడు వారాలకే నడుము దగ్గర కుంగింది. కాళ్ళవైపు తాడు బిగిస్తే సరిపోయింది గానీ, చేతకాక అరచేయి ఒరుసుకుపోయింది. నల్లులు చేరకుండా అప్పుడప్పుడూ ఎండలో వేయాలి. ఒక కోడు వెంట్రుకవాసి పొట్టి, టైల్స్ మీద టక్కుటక్కుమంటోంది. తాతకి చెబితే, "మట్టి నేల మీద వేసుకోరా, అదే సర్దుకుంటుంది" అన్నారు. మా అపార్ట్‌మెంట్‌లో మట్టి నేల ఎక్కడిది!

చేయించుకునేవాళ్ళు కొలత మాత్రం మర్చిపోకండి. నేను ఇవ్వకుండా వచ్చేశా. మా నాన్న ఎత్తు తాతకి గుర్తుందట, ఆ కొలతకే చేసేశారు. నా పాదాలు ఇదిగో, ఇంత బయటికి.