తలలో గోధుమ కంకులు

శ్రోతలకు నమస్కారం.

రేడియోలో బొమ్మ గురించి మాట్లాడడం కష్టమే. నా ఎదురుగా బొమ్మ ఉంది, మీకు కనబడదు. అందుకే అందులో ఏముందో ముందు నెమ్మదిగా చెబుతాను. వీలైతే కాసేపు కళ్లు మూసుకుని వినండి.

మనిషి కంటే ఎత్తయిన కాన్వాసు. ఎత్తు 216 సెంటీమీటర్లు, వెడల్పు 144. బంగారు పూత పూసిన కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఇంకా ఇరవై నిండలేదు. తెల్లటి పల్చటి గౌను వదులుగా పాదాల దాకా జారింది. రెండు చేతులూ ఒళ్లో దగ్గరగా పెట్టుకుంది. ఉంగరాల జుట్టు మీద పచ్చి గోధుమ కంకులు. ఆమె గర్భవతి. కడుపు పండింది అంటాం చూడండి, ఆ కంకులు చెప్పేది సరిగ్గా అదే మాట. రోమన్ల పంటల దేవత సెరీస్ గుర్తు అవి.

ఆ అమ్మాయి వెనక ఏమీ లేదు. రాచకుటుంబాల బొమ్మల్లో పరదాలు, స్తంభాలు, బల్ల మీద పూలకుండీ ఏదో ఒకటి ఉంటుంది. ఇక్కడ ఒట్టి చీకటి. వెలుగంతా ఆమె మీదే పడింది. ఆమె మనవైపు చూడడం లేదు, చూపు పక్కకు తిరిగి ఉంది. నా కళ్లు మాత్రం ప్రతిసారీ ఆ చీకటి దగ్గరే ఆగిపోతాయి.

చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా. సంవత్సరం 1800. ఆమె మరియా తెరేసా, చించోన్ కౌంటెస్. స్పెయిన్ రాజు మూడో కార్లోస్‌కు స్వయానా తమ్ముడి కూతురు.

రాజుగారి తమ్ముడి కూతురంటే రాజభోగాలే అనుకుంటాం. కానీ వాళ్ల నాన్న, ఇన్ఫాంతె (అంటే రాజకుమారుడు) లూయిస్, తన అంతస్తుకు తక్కువైన ఇంటి పిల్లను పెళ్లి చేసుకున్నాడు. దాంతో ఆ కుటుంబాన్ని రాజాస్థానానికి దూరంగా పెట్టారు. పిల్లలకు బోర్బోన్ అనే రాజవంశపు ఇంటిపేరు పెట్టుకునే హక్కు కూడా లేకుండా పోయింది. వాళ్లు గ్రేదోస్ కొండల దగ్గర అరేనాస్ దె సాన్ పెద్రో అనే ఊళ్లో ఉండేవారు. 1783లో గోయా ఆ ఇంటికి వెళ్లాడు. అప్పటికి ఆయన ఇంకా పైకి వస్తున్న చిత్రకారుడు. అక్కడే ఈ పాప బొమ్మ మొదటిసారి వేశాడు. ఆ బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. పాపకు అప్పుడు రెండేళ్ల తొమ్మిది నెలలని బొమ్మ మీదే రాసి ఉంది. వెనక కొండలు, పక్కన తెల్లటి బొచ్చు కుక్కపిల్ల. పాప నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఇంటి పెద్దావిడలా నిలబడి ఉంటుంది. చూస్తే ఎత్తుకోవాలనిపిస్తుంది.

రెండేళ్లు తిరక్కుండానే 1785లో తండ్రి పోయాడు. పిల్లల్ని తల్లి దగ్గర ఉండనివ్వలేదు. మరియా తెరేసానూ చెల్లెల్నీ తొలేదోలో ఒక కాన్వెంటుకు, అంటే క్రైస్తవ సన్యాసినుల మఠానికి, పంపేశారు. ఐదేళ్లైనా నిండని పిల్ల ఆ గోడల మధ్యే పెరిగింది.

1797లో పెళ్లి. వరుడు మాన్యుయెల్ గొదోయ్, అప్పటి రాజు నాలుగో కార్లోస్‌ను మించి చక్రం తిప్పుతున్న మంత్రి. సంబంధం కుదిర్చింది రాణి మరియా లూయిసా. పిల్లకు పదహారు, అతనికి ముప్ఫై. గొదోయ్‌కి రాజవంశంతో బంధుత్వం కలిసింది, లూయిస్ పిల్లలకు పోయిన ఇంటిపేరు తిరిగి వచ్చింది. ఆ పిల్లకు ఏమి దక్కిందో చరిత్ర పెద్దగా చెప్పదు. గొదోయ్‌కి అప్పటికే పెపీతా తుదో అనే ఆవిడతో సంబంధం ఉంది. పెళ్లయ్యాకా అది ఆగలేదు.

ఇప్పుడు మళ్లీ బొమ్మ దగ్గరకు వద్దాం. ఆ చేతుల్ని చూడండి. ఒక వేలికి పెద్ద ఉంగరం, అందులో ఒక మగమనిషి చిన్న బొమ్మ. అది గొదోయ్‌దే అంటారు. గోయా ఆ ముఖాన్ని రెండు మూడు కుంచె దెబ్బలతో వదిలేశాడు, పోలిక పట్టలేం. భర్త ఈ బొమ్మలో ఉన్నది అంతవరకే.

అప్పటికి గోయాకు చెవులు వినబడవు. 1792-93లో వచ్చిన పెద్ద జబ్బు వినికిడిని పూర్తిగా తీసుకుపోయింది. ఆమె ఏమైనా మాట్లాడినా ఆయనకు వినబడి ఉండదు. ముఖమూ చేతులూ చూసే తెలుసుకోవాలి. అదీగాక ఆయన అరేనాస్‌లో చూసిన పాప ఈమె. వెనక కొండలు పెట్టిన చేతులే ఇప్పుడు చీకటి పెట్టాయి. ఆయన ఆమెను జాలిగా చూపించలేదు, ఒక పెద్ద మనిషి తనకు తెలిసిన పిల్లను చూసినట్టు చూశాడు. నాకు ఈ బొమ్మ అంటే అంత ఇష్టం అందుకే.

ఎక్స్‌రే తీస్తే ఈ రంగుల అడుగున మగవాళ్ల బొమ్మల జాడలు కనబడ్డాయి. గోయా వాడిన కాన్వాసునే మళ్లీ వాడాడన్నమాట.

1800 అక్టోబరులోనే కూతురు కార్లోతా పుట్టింది. 1808 మార్చిలో అరాన్‌హ్వేస్‌లో జనం తిరగబడి గొదోయ్ ఇంటి మీద పడ్డారు. ఆమెకు మాత్రం హాని చేయలేదు. ఆమె భర్తను వదిలి తొలేదోలో ఉన్న అన్న, ఆర్చిబిషప్ లూయిస్ మరియా దగ్గరకు వెళ్లిపోయింది. కార్లోతా తండ్రితో ప్రవాసానికి వెళ్లింది. తల్లి నుంచి బిడ్డ విడిపోవడం ఆ ఇంట్లో అది రెండోసారి.

మరియా తెరేసా 1828లో పారిస్‌లో కన్నుమూసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో గోయా బోర్దోలో పోయాడు. ఇద్దరూ సొంత దేశానికి దూరంగానే.

బొమ్మ మాత్రం కార్లోతా వారసుల దగ్గర దాదాపు రెండు శతాబ్దాలు ఉండిపోయింది. 2000లో స్పెయిన్ ప్రభుత్వం 400 కోట్ల పెసేతాలు పెట్టి, అంటే సుమారు 2.4 కోట్ల యూరోలు, కొని మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో పెట్టింది. ఎప్పుడైనా అటు వెళ్తే ముందు దూరం నుంచి చూడండి. తర్వాత దగ్గరగా వెళ్లి ఆ కంకుల్ని చూడండి. ఇంకా పండలేదు, పచ్చిగానే ఉన్నాయి.

నమస్కారం.