కణం పొర దాటితేనే మందు

శ్రోతలకు నమస్కారం. మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇంటి ముందర పూసే బిళ్ళగన్నేరు అందరికీ తెలుసు. ఆ మొక్క నుంచే విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు తీస్తారు. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు 1960ల నుంచీ ఇస్తున్న మందు ఇది. సూదితో రక్తనాళంలోకి ఎక్కించగానే పని అయిపోదు. మందు కణంలోకి చేరాలి, చేరి అక్కడే నిలవాలి. ఈ రెండింటికీ కణం చుట్టూ ఉన్న పొరే అడ్డు, అదే దారి.

మిల్లీమీటరులో లక్షో వంతు కన్నా పలుచనిది ఆ పొర. రెండు వరుసల కొవ్వు అణువులు, నడుమ ప్రొటీన్లు. డాక్సోరూబిసిన్ లాంటి క్యాన్సర్ మందు కొవ్వులోంచి తనే జారి లోపలికి పోతుంది. మెథోట్రెక్సేట్ అనే ఇంకో క్యాన్సర్ మందుకు అది చేతకాదు, తూము కావాలి. ఫోలేట్ విటమిన్‌ను లోపలికి తెచ్చే ప్రొటీనే దానికి తూము. క్యాన్సర్ కణం ఆ ప్రొటీన్‌ను తగ్గించుకుంటే మందు బయటే ఆగిపోతుంది.

అసలు చిక్కు మోటరుతో. కాలువ నీళ్ళు మడిలోకి వస్తుంటే అవతలి ఒడ్డున మోటరు పెట్టి తోడేస్తే మడి ఎట్లా తడుస్తుంది? పొరలో అట్లాంటి మోటరు ఒకటి ఉంది, పేరు పి-గ్లైకోప్రొటీన్. 1976లో జూలియానో, లింగ్ అనే శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించారు. కణం తన శక్తి ఖర్చుపెట్టి దీన్ని నడుపుతుంది. విన్‌క్రిస్టిన్, డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్ ఒకదానికొకటి పోలిక లేని మందులు, అయినా మూడింటినీ ఇదే తోడేస్తుంది. మొదట కరిగిన గడ్డ మళ్ళీ పెరిగి, మందు మార్చినా లొంగకపోవడానికి ఇదొక కారణం.

మోటరు ఆపేస్తే సరిపోదా? వెరాపమిల్ అనే బీపీ మందుతో ప్రయత్నించారు. మోటరు ఆగేంత మోతాదు గుండె తట్టుకోలేదు. పైగా పేగులు, కిడ్నీలు, మెదడు రక్తనాళాల్లోనూ ఇదే మోటరు విషాలను బయటికి తోస్తూ మనల్ని కాపాడుతోంది.

అందుకే ఒక మాట గట్టిగా చెప్పాలి. విన్‌క్రిస్టిన్‌ను సాధారణంగా చదరపు మీటరు శరీర వైశాల్యానికి 1.4 మిల్లీగ్రాములు, ఒకసారికి 2 మిల్లీగ్రాములు దాటకుండా కొలిచి ఇస్తారు. బిళ్ళగన్నేరు ఆకు కషాయంలో ఆ కొలత ఉండదు, తాగొద్దు. తామరకని మెడికల్ షాపులో కొనుక్కునే ఇట్రాకొనజోల్ ఈ మోటరునూ, లివర్‌లో మందును విరగ్గొట్టే ఎంజైమునూ అడ్డుకుంటుంది. దాంతో విన్‌క్రిస్టిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి నరాలను దెబ్బతీస్తుంది. వేసుకునే ప్రతి గోలీ చీటీ డాక్టరుకు చూపించండి. కాళ్ళు తిమ్మిరెక్కినా, విరేచనం బిగుసుకున్నా తర్వాతి సూదికి ముందే చెప్పండి.