అపార్థైడ్ కంచె ఏ చేను చుట్టూ?

దక్షిణాఫ్రికా వర్ణవివక్ష, అంటే అపార్థైడ్ గురించి మనవాళ్లు ఎవరు మాట్లాడినా ఒక మాట తప్పకుండా వస్తుంది: "అక్కడ ఒక జాతివాళ్లు ఇంకో జాతివాళ్లను పెళ్లి చేసుకోకూడదు." ఇది విన్నప్పుడల్లా నాకు చిరాకు. సగం నిజమే. అసలు సంగతంతా వదిలేసిన ఆ మిగతా సగంలో ఉంది.

పక్కపక్కనే నాలుగు చేలు ఉన్నాయనుకోండి. తెల్లవారు, నల్లవారు, కలర్డ్ అని పేరుపెట్టిన మిశ్రమ సంతతివారు, ఇండియన్లు. పెళ్లి విషయంలో కంచె వేసింది ఒక్క తెల్ల చేను చుట్టూనే. 1949 నాటి మిశ్రమ వివాహాల నిషేధ చట్టం ఆపింది తెల్లవారికీ, తెల్లవారు కానివారికీ మధ్య పెళ్లిళ్లనే. 1860 నుంచి మద్రాసు ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు కదా. వాళ్ల మనవడు, ఒక నాయుడుగారబ్బాయి, డర్బన్‌లో జులూ తెగ నల్లజాతి అమ్మాయిని చేసుకుంటానంటే ఈ చట్టానికి అభ్యంతరం లేదు. నాయుడుగారు ఏమంటారన్నది వేరే వీడియో!

జాతులు కలవకూడదన్నదే సిద్ధాంతమైతే నాలుగు చేలకూ కంచె వేయాలి. వేయలేదు. వాళ్ల బెంగంతా ఒక్క చేను గురించే.

ఈ కంచెకు మొదటి గుంజ పాతింది అపార్థైడ్ ప్రభుత్వం కూడా కాదు. 1927 చట్టం ప్రకారమే తెల్లవారు, నల్లవారు పెళ్లి కాకుండా కలిస్తే మగవాడికి ఐదేళ్లు, ఆడమనిషికి నాలుగేళ్ల దాకా జైలు. పెళ్లి చేసుకుంటే నేరం కాదు! 1949లో ఆ దారీ మూశారు. దక్షిణాఫ్రికా పౌరుడు విదేశంలో చేసుకొచ్చినా అలాంటి పెళ్లి చెల్లదన్నారు. మరుసటి ఏడాది, తెల్లవారు తమ జాతి కాని ఎవరితో అలా కలిసినా నేరమే అన్నారు. 1957లో ఈ పడకగది చట్టం కింద శిక్షను ఏడేళ్ల దాకా పెంచారు.

కాపలా ఎలా ఉండేదంటే, పోలీసులు రాత్రిపూట చెట్లెక్కి బైనాక్యులర్లతో కిటికీల్లోకి చూసేవారు. తలుపు తోసుకుని లోపలికొచ్చి పక్క మీద చెయ్యి పెట్టి చూసేవారు. ఇంకా వెచ్చగా ఉంటే అదో సాక్ష్యం. దుప్పట్లు, లోదుస్తులు మూటగట్టి కోర్టుకు పట్టుకెళ్లేవారు. ఇద్దరి కేసులూ విడివిడిగా నడిస్తే, ఆమెకు శిక్ష పడి అతను నిర్దోషిగా బయటపడ్డ సందర్భాలున్నాయి. ఒంటిచేత్తో చప్పట్లన్నమాట!

నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఎక్సెల్సియర్. దక్షిణాఫ్రికాలోని ఫ్రీ స్టేట్ రాష్ట్రంలో చిన్న ఊరు. 1970-71లో అక్కడి తెల్ల పెద్దమనుషులు కొందరి మీదా, నల్లజాతి ఆడవాళ్ల మీదా ఈ చట్టం కిందే కేసు పెట్టారు. చట్టం తెచ్చిన పార్టీకి పట్టున్న ప్రాంతమది. కంచే చేను మేసిందంటామే, అచ్చం అదే. విదేశీ పత్రికలు వాలిపోయాయి, పరువు పోతుందని కేసు ఎత్తేశారు. అయితే దీన్ని ప్రేమ అనడానికి నాకు నోరు రాదు. కాదంటే కూలిపని పోయే చోట ఇష్టానికి విలువెంత?

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. ఎవరు కంచెకు ఏ పక్క? 1950 జనాభా రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం చూడగానే తెల్లగా కనిపిస్తే, లేదా నలుగురూ తెల్లవారిగా ఒప్పుకుంటే తెల్లవారు. అనుమానమొస్తే జుట్టులో పెన్సిల్ గుచ్చి చూసేవారు, కిందపడితే తెల్లవారు, ఇరుక్కుంటే కాదు! ఒకే కడుపున పుట్టినవాళ్లు చెరోవైపు తేలిన కుటుంబాలున్నాయి.

1985లో పెళ్లి నిషేధం, దాంతోపాటు ఆ పడకగది చట్టం రద్దయ్యాయి. "అక్కడితో అయిపోయింది" అంటారు చూడండి, అది ఇంకో చిరాకు. కాపురం ఎక్కడ పెట్టాలి? ఏ జాతి ఏ పేటలో ఉండాలో చెప్పే గ్రూప్ ఏరియాస్ చట్టం అలాగే ఉంది. తెల్ల పేటలో ఇల్లు దొరకదు, పిల్లల్ని తెల్ల సర్కారు బడిలో చేర్చుకోరు. ఆ చట్టం, జాతుల రిజిస్ట్రేషన్ చట్టం 1991లో గానీ పోలేదు.