గోడ వేరు, ధర వేరు

సభకు నమస్కారం.

నైరూప్య చిత్రాల మాట, అంటే మనిషో చెట్టో అని పోల్చుకోదగ్గ రూపం లేని చిత్రాల మాట, ఎక్కడ వచ్చినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: ఈ గీతలకూ మరకలకూ మ్యూజియంలో అంత చోటెందుకు, వాటికి కోట్లెందుకు అని. అలా అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. ప్రజల డబ్బుతో నడిచే చోట ఏం పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగే హక్కు ప్రజలకుంది. అయితే ఇందులో రెండు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. గోడ మీద చోటు సంగతి ఒకటి, ధర సంగతి ఇంకొకటి. ఆ చోటు ఇవ్వాలనే నేనంటాను. ధరను మాత్రం వెనకేసుకురాను. ఈ ముడి విప్పకపోవడం వల్ల ధర మీద చూపవలసిన కోపమంతా చిత్రకారుల మీద చూపిస్తున్నామని చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

1990 మార్చిలో కెనడాలో ఒక పెద్ద గొడవ జరిగింది. ఒట్టావాలోని జాతీయ గ్యాలరీ, బార్నెట్ న్యూమన్ అనే అమెరికన్ చిత్రకారుడి ‘వాయిస్ ఆఫ్ ఫైర్’ను దాదాపు 18 లక్షల కెనడియన్ డాలర్లు పెట్టి కొన్నట్టు వెల్లడైంది. ఆ చిత్రం సుమారు 18 అడుగుల ఎత్తు, 8 అడుగుల వెడల్పు. నిలువునా మూడు పట్టీలుంటాయి. రెండు పక్కలా ముదురు నీలం, నడుమ ఎరుపు. అంతకుమించి ఏమీ లేదు. దేశమంతా దుమారం రేగింది. పార్లమెంటులో సాంస్కృతిక వ్యవహారాలు చూసే కమిటీకి అధ్యక్షుడిగా ఉన్న ఫెలిక్స్ హోల్ట్‌మన్, రెండు డబ్బాల రంగూ రెండు రోలర్లూ ఇస్తే పది నిమిషాల్లో అలాంటిది తానే వేస్తానన్నాడు. ఒట్టావా దగ్గర నివసించే ఒకాయన నిజంగానే చెక్కపలకల మీద దాని నకలు వేసి, ‘పన్ను కట్టేవాడి గొంతు’ అని పేరు పెట్టాడు.

పది నిమిషాలే పట్టిందనుకుందాం. అప్పుడైనా అడగవలసినవి కొన్ని మిగులుతాయి. 18 అడుగులే ఎందుకు? ఆ చిత్రం వేసింది 1967 మాంట్రియల్ ప్రపంచ ప్రదర్శన కోసం. బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ రూపకల్పన చేసిన గాజు గోళం లాంటి అమెరికా మంటపంలో, ఆకాశమంత ఎత్తున్న చోట వేలాడదీయడానికి. దూరం నుంచి చూస్తే అది ఏదో దేశపు జెండాలా ఉంటుంది. దగ్గరికి వెళ్లే కొద్దీ రెండు నీలాలూ మన చూపు అంచులు దాటిపోతాయి. ఎరుపు ఒక్కటే ఎదురుగా నిలుస్తుంది. అది కుదురుగా ఉండదు. నీలం ఆనుకున్న చోట అంచులు అదురుతున్నట్టుంటాయి, ఎరుపు మన మీదికి వస్తున్నట్టుంటుంది. తల పైకెత్తితే గానీ కొస కనిపించదు. మనిషి తన ఎత్తు ఎంతో తానే కొలుచుకోవలసి వస్తుంది. పత్రికలో అరచేతి వెడల్పున అచ్చయిన ఫొటోలో ఇదేమీ ఉండదు, మూడు పట్టీలే ఉంటాయి. మ్యూజియం గోడ కావలసింది ఇలాంటి చిత్రాలకే. చిన్న బొమ్మను పుస్తకంలోనూ కొంతవరకు చూడవచ్చు. దీన్ని దీని ఎదుట నిలబడితే తప్ప చూసినట్టు కాదు.

మనకు మ్యూజియం అనగానే సాలార్‌జంగ్ గుర్తొస్తుంది. అక్కడ జనం గుమిగూడేది ముసుగు వేసుకున్న రెబెక్కా దగ్గర. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి విగ్రహం. రాయి పలుచటి బట్టలా జారుతూ ఉంటుంది, దాని వెనక ముఖం కనిపిస్తూ ఉంటుంది. రాతిని ఇలా ఎలా చెక్కాడని ముక్కున వేలేసుకుంటాం. తప్పేమీ లేదు, అది నిజంగా గొప్ప పనితనం. కానీ ఆ గదిలోంచే మన కొలబద్ద కూడా తెచ్చుకున్నాం. ఒకటి ఇంకొకటిలా భ్రమ కలిగిస్తేనే కళ అని తీర్మానించుకున్నాం. ఆ కొలబద్ద పట్టుకుని న్యూమన్ ముందు నిలబడితే కొలవడానికి ఏమీ దొరకదు. సంగీత సభలో మాత్రం మనం ఇలా చేయం. తోడి రాగాలాపన అరగంట వింటాం. అందులో మాట లేదు, కథ లేదు. ఏ పక్షి కూతనూ అనుకరించలేదని విద్వాంసుణ్ని నిలదీయం. గాంధారం మీద ఎంతసేపు నిలిచాడు, ఎక్కడ వదిలాడు అని తల ఊపుతాం. చెవికి ఇచ్చిన స్వేచ్ఛ కంటికి ఎందుకివ్వకూడదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక మన దేశపు చిత్రకారుడి దగ్గరికి వద్దాం. వాసుదేవ్ గైతోండే 1924లో నాగపూర్‌లో పుట్టారు. ముంబై జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. 1964లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద న్యూయార్క్ వెళ్లారు. 1972లో ఢిల్లీ చేరి నిజాముద్దీన్ ఈస్ట్‌లో మేడ మీద ఒక చిన్న వాటాలో ఉండిపోయారు. జెన్ బౌద్ధం, రమణ మహర్షి, మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి బోధనలు ఆయన్ను ఎంతో ఆకట్టుకున్నాయి. పెళ్లి చేసుకోలేదు. సభలకూ సన్మానాలకూ దూరంగా బతికారు. ఏడాదికి ఐదారు కాన్వాసులకు మించి వేసేవారు కాదంటారు. మిగిలిన కాలమంతా ఆలోచన, మౌనం.

ఆయన పనితీరును కాస్త దగ్గరగా చూడండి. పలుచటి తైలవర్ణాన్ని రోలరుతో కాన్వాసు మీద పరుస్తారు. పాలెట్ చాకుతో కొంత గీకేస్తారు. పత్రికల్లోంచి చింపిన కాగితం ముక్కలను తడి రంగుతో అద్ది, రోలరుతో నొక్కి, లేపేస్తారు. కాగితం కొంత రంగు వదులుతుంది, కొంత తీసుకుపోతుంది. దాని మీద మళ్లీ పలుచటి పొర. ఇలా పొర మీద పొర వేస్తూ పోగా, ఎదురుగా నిలబడ్డవాడికి వెలుతురు చిత్రం లోపలినుంచి వస్తున్నట్టనిపిస్తుంది. నీళ్లలో మునిగిన ఏదో లిపి సగం తేలి, చదవబోయేలోగా మళ్లీ మునిగినట్టుంటుంది. తొలిచూపులో ఒకే రంగు అనుకున్నది కాసేపటికి ఇరవై రంగులవుతుంది. కాగితం ఎక్కడ లేపాలో, ఎక్కడ ఆగాలో తెలియడానికి ఆయనకు జీవితం పట్టింది. 1984లో ప్రమాదానికి గురయ్యాక కొన్నేళ్లపాటు పెద్ద కాన్వాసుల జోలికే పోలేకపోయారు.

2001లో ఆయన కన్నుమూశారు. 2013 డిసెంబరులో ముంబైలో క్రిస్టీస్ వేలంలో ఆయన 1979లో వేసిన చిత్రం 23.7 కోట్ల రూపాయలకు అమ్ముడైంది. మరుసటి ఏడాది న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ఆయన చిత్రాలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. 2021లో ఇంకో చిత్రం దాదాపు 40 కోట్లకు పోయింది. ఈ అంకెలు విని “మోసం” అని అరిచేవాళ్లను అడుగుతున్నాను: ఎవరు ఎవర్ని మోసం చేశారు? ఆ కోట్లలో ఒక్క రూపాయి కూడా బతికుండగా ఆ మనిషి చూడలేదు. అవి ఒక సంపన్నుడి చేతినుంచి ఇంకో సంపన్నుడి చేతికి మారిన డబ్బులు.

మన కాపీరైట్ చట్టంలో 53ఎ అనే సెక్షన్ ఒకటుంది. చిత్రకారుడి మూలకృతి 10 వేల రూపాయలకు మించిన ధరకు మళ్లీ అమ్ముడైతే, అందులో పది శాతానికి మించకుండా వాటా చిత్రకారుడికో ఆయన వారసులకో రావాలని అది చెబుతుంది. 1994 సవరణతో వచ్చిన నిబంధన. ఫ్రాన్స్‌లో ఇలాంటి హక్కు 1920 నుంచే ఉంది. మన దగ్గర అది కాగితం మీదే మిగిలింది. నైరూప్య చిత్రాల ధరల మీద ఇంత ఆవేశపడేవాళ్లు ఈ సెక్షన్ అమలు గురించి ఒక్కసారైనా గొంతెత్తితే ఆ ఆవేశానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

వేలంలో ధర తేలడానికి ఇద్దరు చాలు. ఒకే చిత్రం కావాలని పట్టుబట్టే ఇద్దరు ధనవంతులు ఎక్కడ ఆగితే అదే దాని ధర. అది చిత్రం మంచిచెడులను చెప్పదు, ఆ పూట హాల్లో పంతం ఎంతుందో చెబుతుంది. కొన్న తర్వాత ఆ చిత్రం జెనీవా ఫ్రీపోర్టు లాంటి సుంకం లేని గోదాములో పెట్టెలో పడి ఉండవచ్చు. ఎవరూ చూడని చిత్రం చేతులు మారుతూ ఉంటుంది. ఇంకోవైపు ధర పెరిగే కొద్దీ బీమా ఖర్చు, కాపలా ఖర్చు పెరిగి, ప్రజల మ్యూజియం అలాంటి చిత్రాన్ని అరువు తెచ్చి చూపడం కూడా కష్టమవుతుంది. కోటీశ్వరుల పోటీ చివరికి గోడను ఖాళీ చేస్తోంది. ఈ ధరలంటే నాకు గిట్టకపోవడానికి అసలు కారణం ఇదే.

ధరతో పని లేకుండా జనం వస్తారా? వస్తారు. స్వీడన్‌కు చెందిన హిల్మా ఆఫ్ క్లింట్ 1906లోనే నైరూప్య చిత్రాలు మొదలుపెట్టింది. తాను పోయాక ఇరవై ఏళ్లదాకా వాటిని చూపవద్దని కోరింది. ఆమె చిత్రాల్లో అత్యధిక భాగం ఒక ఫౌండేషన్ దగ్గరే ఉన్నాయి, మార్కెట్లో తిరిగేవి దాదాపు లేవు. 2018-19లో గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఆమె ప్రదర్శనకు ఆరు లక్షల మందికి పైగా వచ్చారు. ఆ మ్యూజియం చరిత్రలోనే అంతమంది చూసిన ప్రదర్శన అప్పటికి లేదు. వాళ్లను రప్పించింది వేలం అంకె కాదని వేరే చెప్పనక్కరలేదు.

“మా పిల్లవాడు కూడా వేస్తాడు” అనే మాటను పరీక్షించి చూసినవాళ్లున్నారు. అమెరికాలోని బోస్టన్ కాలేజీలో ఏంజెలీనా హాలీ-డోలన్, ఎలెన్ విన్నర్ 2011లో ప్రచురించిన పరిశోధన అది. పేరున్న నైరూప్య చిత్రకారుల చిత్రాలనూ, పిల్లలు, కోతులు, ఏనుగులు వేసినవాటినీ పక్కపక్కన పెట్టి, ఏది మెరుగైనదో చెప్పమన్నారు. కొన్నిచోట్ల పేర్లు తారుమారు చేసి కూడా చూపించారు. అయినా చూసినవాళ్లు సగానికి మించిన సందర్భాల్లో చిత్రకారుడి పనినే ఎంచుకున్నారు. ప్రతిసారీ కాదు, పొరపాట్లూ పడ్డారు. ఆ పొరపాట్లను నేను దాచను. కానీ తేడాయే లేదనే వాదన మాత్రం అక్కడ నిలబడలేదు.

ఇంకో వాదన దీనికంటే గట్టిది. న్యూయార్క్‌లో 165 ఏళ్ల చరిత్ర ఉన్న నోడ్లర్ గ్యాలరీ, పేరుమోసిన అమెరికన్ నైరూప్య చిత్రకారులు రోత్కో, పోలాక్‌ల పేరుతో నకిలీలు అమ్మి 2011లో మూతపడింది. వాటిని వేసింది క్వీన్స్ ప్రాంతంలో ఉండే ఒక చిత్రకారుడు. ఒక నకిలీ రోత్కో 83 లక్షల డాలర్లకు పోయింది. ఒక నకిలీ పోలాక్ మీద సంతకంలో స్పెల్లింగే తప్పు. నిపుణులే పోల్చుకోలేకపోతే ఇక ఆ కళలో ఏముంది అంటారు. అలాగైతే 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మీర్‌లో కూడా ఏమీ లేదనాలి. హాన్ వాన్ మేగరెన్ వేసిన నకిలీ వెర్మీర్‌ను 1930ల చివర్లో రోటర్‌డామ్ మ్యూజియం మహాకృతి అని కొని గోడకెక్కించింది. మనుషుల బొమ్మలున్న చిత్రమే అది. నకిలీ అన్నది నైరూప్యానికి మాత్రమే పట్టిన జబ్బు కాదు. పేరు చూసి కోట్లు పోసే చోటల్లా పుడుతుంది.

నైరూప్యమని రాసి ఉన్నంత మాత్రాన గోడకు తగినదవుతుందని నేననడం లేదు. మందంగా రంగు పూసి, ‘అంతర్మథనం’ అని పేరు పెట్టి, ఒకే నమూనాను ముప్పై ఏళ్లు తిప్పి తిప్పి వేసే చిత్రాలు కొల్లలుగా ఉన్నాయి. హోటళ్ల వరండాల కోసం వేసినట్టుంటాయి. పది నిమిషాలు నిలబడితే మొదటి నిమిషంలో చూసిందే మిగతా తొమ్మిది నిమిషాలూ కనిపిస్తుంది. అలాంటివాటిని దాత ఇచ్చాడనో, కొన్నవాడు పలుకుబడి ఉన్నవాడనో మ్యూజియం వేలాడదీస్తే అది ప్రజలకు చేసిన అన్యాయమే. మ్యూజియంలో చోటు దక్కగానే ఆ చిత్రకారుడివే మరికొన్ని ఇంట్లో పెట్టుకున్నవాడి ఆస్తి పెరుగుతుంది. అందుకే ఎంతకు కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు, ఎందుకు ఎంచుకున్నారు అనేవి బయట పెట్టాలి. 1973లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ కోసం పోలాక్ ‘బ్లూ పోల్స్’ను 13 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకు కొన్నప్పుడు ప్రధాని గఫ్ విట్లమ్ ధర దాచలేదు, బహిరంగంగా ప్రకటించమన్నారు. తిట్లు తిన్నారు. ఇవాళ ఆ చిత్రం చూడటానికి జనం కాన్‌బెరా వెళ్తారు.

మన ఊళ్ల సంగతి వచ్చేసరికి ప్రశ్నే తిరగబడుతుంది. కేంద్ర ప్రభుత్వం నడిపే ఆధునిక కళల జాతీయ గ్యాలరీ ఢిల్లీలో, ముంబైలో, బెంగళూరులో ఉంది. హైదరాబాద్‌లో లేదు, విజయవాడలో లేదు, విశాఖలో లేదు. నైరూప్య చిత్రాలు ఎక్కువ చోటు ఆక్రమించాయని వాదించుకోవడానికి ముందు ఆ చోటు ఉండాలి కదా! గుడివాడలో పుట్టి, లండన్ స్లేడ్ స్కూల్లో చదివి, అమెరికాలో స్థిరపడి, పద్మశ్రీ అందుకున్న నైరూప్య చిత్రకారుడు ఎస్.వి. రామారావు. ఆయన అసలు కాన్వాసు ఎదుట నిలబడినవాళ్లు ఈ సభలో ఎందరున్నారో ఒకసారి చేతులెత్తండి.

ప్రదర్శనలు జరుగుతూనే ఉంటాయి, నిజమే. వారం పది రోజులుండి వెళ్లిపోతాయి. ఈ నెల చూసిన చిత్రాన్ని పిల్లవాడు వచ్చే ఏడు మళ్లీ వచ్చి చూసి, అప్పుడు నచ్చనిది ఇప్పుడెందుకు నచ్చిందో ఆలోచించుకోవాలంటే అది అదే గోడ మీద ఉండాలి. కాబట్టి మన రెండు ప్రభుత్వాలనూ నేనడిగేది ఇది. శాశ్వత సేకరణ ఉన్న ఆధునిక కళా మ్యూజియం ఒక్కొక్కటి కట్టండి. బతికున్న చిత్రకారుల దగ్గర, ధర ఇంకా లక్షల్లో ఉండగానే, నేరుగా కొనండి. ప్రతి చిత్రం పక్కన కొన్న ఏడాదీ ఇచ్చిన సొమ్మూ తెలుగులో రాసి పెట్టండి. ఎదురుగా కూర్చోవడానికి ఒక బెంచీ వేయండి. బడి పిల్లలకు టికెట్ తీసేయండి. ఏది ఉంచాలో ఏది తీసేయాలో అని అప్పుడు మనం పోట్లాడుకుందాం. ఆ పోట్లాటకు నేను ముందు వరుసలో వచ్చి కూర్చుంటాను.