మొవ్వు మాడింది సరే, ఏ వైరస్?

అందరికీ నమస్కారం.

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగ దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. మొవ్వు మాడిన మొక్కను చూస్తే ఎవరికైనా ముందు తట్టేది మొవ్వుకుళ్ళు తెగులే. కానీ పరీక్షల్లో తేలింది టొబాకో స్ట్రీక్ వైరస్. ఇప్పుడు దాన్ని కాండం కుళ్ళు తెగులు అంటున్నాం. మొవ్వుకుళ్ళు వైరస్‌కూ దీనికీ చుట్టరికమే లేదు. మొదటిది టోస్పోవిరిడే కుటుంబానికి చెందితే, రెండోది బ్రోమోవిరిడేకి చెందుతుంది.

పేరు తప్పితే చేసే పనీ తప్పుతుంది. టొబాకో స్ట్రీక్ వయ్యారిభామ కలుపు మొక్క పుప్పొడిలో ఉంటుంది, ఆ మొక్క మీద మాత్రం లక్షణాలు కనిపించవు. తామర పురుగుల ఒంటికి అంటిన పుప్పొడి వేరుశనగ ఆకు మీద రాలుతుంది. పురుగు గీరిన గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. అందుకే పూతకు ముందే వయ్యారిభామను పీకాలి. మొవ్వుకుళ్ళు వైరస్ తీరు వేరు. దాన్ని త్రిప్స్ పామి అనే తామర పురుగు పిల్లదశలోనే తీసుకోవాలి. తర్వాత అది పురుగు ఒంట్లోనే పెరుగుతుంది, రెక్కల పురుగు బతికినన్నాళ్ళూ అంటిస్తూనే ఉంటుంది.

పొలంలో ఏం చూడాలి? మొవ్వుకుళ్ళులో లేతాకుల మీద పసుపు మచ్చలు, వలయాలు వచ్చి మొవ్వు చస్తుంది. ఆ తర్వాత పక్క కొమ్మలు గుబురుగా, చిన్న చిన్న వంకర ఆకులతో వస్తాయి. కాండం కుళ్ళులో మాడు పైఆకు నుంచి తొడిమకు, కాండానికి దిగుతుంది. లేత మొక్కయితే మొత్తం ఎండిపోతుంది. ముదురు మొక్కల్లో ఈ తేడా మసకబారుతుంది, అక్కడ కంటిని నమ్మకండి.

రోగి ఆకు రసాన్ని వేరే మొక్కకు అంటించి చూసే పరీక్షకు లేత, అప్పుడే లక్షణం చూపిన ఆకే కావాలి. 1 గ్రాము ఆకుకు 10 మి.లీ. చల్లటి 0.05 మోలార్ ఫాస్ఫేట్ బఫర్, పి.హెచ్. 7, అందులో 0.2 శాతం మెర్కాప్టోఇథనాల్. ఆకును సన్నగా గీరే కార్బోరండం పొడి చల్లిన అలసంద సి-152 రకం మొదటి జత ఆకుల మీద మెల్లగా రాసి, వెంటనే నీళ్ళతో కడగాలి. కల్వం మంచులోనే ఉండాలి. రెండు వైరస్‌లూ సున్నితమైనవే. గది వేడిలో రసం కాసేపు నిలిస్తే మచ్చలు రావు, మనమేమో వైరస్ లేదనుకుంటాం. ఇంకో సంగతి, సి-152 మీద రెండూ మచ్చలిస్తాయి. కాబట్టి మచ్చతో వైరస్ ఉందని తెలుస్తుందేగానీ, ఏదో తేలదు.

దాన్ని ఎలైజా, అంటే వైరస్‌ను యాంటీబాడీలతో పట్టి రంగుతో చూపే పరీక్ష, తేలుస్తుంది. ఆ యాంటీబాడీలున్న యాంటీసీరాన్ని ముందు ఆరోగ్యమైన వేరుశనగ ఆకు రసంతో కలిపి 37 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు ఉంచాలి. ఈ మెట్టు దాటేస్తే పరీక్ష ప్లేటులో ఆరోగ్యమైన ఆకు రసం పోసిన గుంటల్లోనూ వైరస్ ఉన్నట్టు పసుపు రంగు తేలుతుంది. 405 నానోమీటర్ల కాంతిలో ఆ రంగు రీడింగ్ ఆరోగ్యమైన నమూనాల సగటుకు కనీసం రెట్టింపు ఉంటేనే పాజిటివ్ అనండి. ప్రతి ప్లేటులోనూ ఆరోగ్యమైన ఆకు, తెలిసిన రోగి ఆకు, ఒట్టి బఫర్ ఉండాల్సిందే.

అసలు చిక్కు దగ్గరి బంధువులతో వస్తుంది. మన మొవ్వుకుళ్ళు వైరస్‌ను చాలాకాలం టొమాటో స్పాటెడ్ విల్ట్ వైరస్ అనే పిలిచారు. ఆ వైరస్ యాంటీసీరంతో ఇది కలవదని తేలాకే వేరు జాతి అన్నారు. మొవ్వుకుళ్ళు వైరస్ యాంటీసీరం పుచ్చ మొక్కలోని వాటర్‌మెలన్ బడ్ నెక్రోసిస్ వైరస్‌ను మాత్రం దీని నుంచి విడదీయలేదు, రెండూ ఒకే సీరోగ్రూపువి, అంటే ఒకే యాంటీసీరంతో కలిసే గుంపువి. అక్కడ వైరస్ ఆర్‌ఎన్‌ఏను చుట్టి ఉండే ఎన్ ప్రోటీన్ వరుస చదవాలి. అందులో 276 అమైనో ఆమ్లాలు. పోలిక 90 శాతం కన్నా తగ్గితే, అంటే కనీసం 28 చోట్ల తేడా ఉంటే, వేరు జాతి. ఈ రెంటి మధ్య పోలిక 82 శాతం ప్రాంతంలో ఉంటుంది.

అయితే ఎన్ జన్యువు ఉండేది మూడు ఆర్‌ఎన్‌ఏ ముక్కల్లో ఒక్కదానిలోనే. ఒకే మొక్కలో రెండు వైరస్‌లు కలిస్తే ముక్కలు తారుమారు కావచ్చు. కొత్త జాతి అని రాసేముందు మిగతా రెండు ముక్కలూ చదవండి. మిరప, టమాటా ఆకుముడతకు కారణమైన బెగోమోవైరస్‌ల్లోనైతే వైరస్ పైతొడుగైన కోటు ప్రోటీన్ ఒక్కటీ చదివి ఆగితే మోసపోతాం, వాటిలో పునస్సంయోగం, అంటే ఒకదాని జన్యు భాగం ఇంకోదానిలో అతుక్కోవడం, ఎక్కువ. సుమారు 2,700 జన్యు అక్షరాల డీఎన్‌ఏ-ఎ అనే ముక్క మొత్తం కావాలి. అక్కడ జాతికి గీత 91 శాతం, స్ట్రెయిన్‌కు, అంటే జాతిలోని ఉపరకానికి, 94.

మొవ్వుకుళ్ళు వైరస్ చేరిన టోస్పోవైరస్‌ల్లో స్ట్రెయిన్‌కు అలాంటి అంకె లేదు. నాలుగైదు అక్షరాలు మారినంతమాత్రాన స్ట్రెయిన్ అనకండి. ఒకే వేడిలో, ఒకే వయసు మొక్కల మీద రెండు నమూనాలనూ పక్కపక్కనే అంటించి, మళ్ళీ మళ్ళీ అదే తేడా వస్తేనే ఆ మాట వాడండి. అప్పటిదాకా సీసా మీద ఐసోలేట్ (మొక్క నుంచి వేరుచేసిన నమూనా) అని రాసి, పంట, ఊరు, తేదీ చేర్చి మైనస్ 70 డిగ్రీల్లో పెట్టండి.